పందుల జాలీ

ఆదివారం పొద్దున్నుంచీ వనజాక్షి కాలు కాలిన పిల్లిలా తిరుగుతూనే ఉంది. రేడియో గదిలోకి పోతుంది, హెడ్‌ఫోన్ తగిలించుకుంటుంది, తీసేస్తుంది, మళ్లీ ఏరియల్‌గా పెరట్లో నిలబెట్టిన ముప్పై అడుగుల అల్యూమినియం గొట్టం దగ్గరికొచ్చి దాని మొదట్లో చేయి పెట్టి చూస్తుంది. జ్వరమొచ్చిన బిడ్డ నుదురా అది, చేయి పెట్టి చూడ్డానికి! కానీ మనసు ఊరుకుంటేగా.

సాయంత్రం ఐదున్నరకు మారిషస్ జయరాముడు రేడియోలో పిలుస్తాడు. ఇరవై రెండేళ్లుగా ప్రతి ఆదివారం పిలుస్తున్నాడు. ఒకరి మొహం ఒకరు చూసింది లేదు, గొంతు విన్నది లేదు. ఇద్దరి మధ్యా నడిచిందంతా టిక్కుటక్కుల మోర్స్ మాటే. ఎప్పుడో పడవెక్కి పోయిన తెలుగువాళ్ల మునిమనవడు అతను. మిగిలిన తెలుగు నాలుగు ముక్కలు. అందులో ఒకటి వాన. ప్రతిసారీ మొదట అడిగేది అదే: ‘వాన?’ అని. ఈమె ‘లేదు’ అని కొడుతుంది. ఏడాదికి రెండు మూడుసార్లు ‘ఉంది’ అని కొడితే, తన చేనే తడిసినట్టు సంబరపడతాడు.

ఇవాళే ఆఖరు. రేపు కూతురి ఫ్లాటుకు మారిపోతున్నాడు, అక్కడ ఏరియల్ పెట్టనివ్వరట. పోయిన ఆదివారం ఆ కబురు చెప్పి, వనజాక్షిని పేరు పెట్టి పిలిచి పిలిచి అలసిపోయాడు. ఈమె అంతా విన్నది. బదులు కొట్టింది. అతనికి చేరలేదు.

ధర్మవరంలో టెలిఫోన్ ఆఫీసులో పనిచేసినన్నాళ్లూ రెండు మేడల మధ్య కట్టిన తీగతో సాఫీగా సాగింది. రిటైరై బత్తలపల్లె పక్కన మొగుడి చేను దగ్గరి ఇంటికొచ్చాక ఈ గొట్టం నిలబెట్టాల్సి వచ్చింది. ఆరు నెలలుగా వినబడ్డమే గానీ వినిపించడం లేదు.

‘‘ఎర్తు అందల్యా,’’ అని తేల్చేశాడు మొగుడు బయ్యన్న. బోరు మోటారు మొరాయిస్తే ఎర్తు గుంతలో ఉప్పేసి బిందెడు నీళ్లు పోసే మనిషి. వారం రోజులు గొట్టం మొదట్లో ట్యాంకరు నీళ్లు పోశాడు. నేల గుటుక్కున మింగింది, అంతే.

మధ్యాహ్నం వనజాక్షి విసుగెత్తి నోరు జారింది. ‘‘నీళ్లు పోస్తే అయ్యే పని కాదు. ఈ భూమి మంచిది కాదు, పంపిందంతా ఇదే మింగేస్తాంది. దీన్ని నమ్ముకోకుండా పైన ఇనుప జాలీ పరుచుకోవల్ల.’’

రేడియో వరకూ ఆ మాట నిజమే. గొట్టంలోకి పోయిన కరెంటు నేల మీదుగానే తిరిగి రావాలి; నేల ఎండి రాయిలా గట్టిపడితే దాని బలం దార్లోనే హరించుకుపోతుంది. జాలీ పరిస్తే ఆ రాకపోకలన్నీ జాలీ మీదే. కానీ రైతు దగ్గర అనాల్సిన మాటేనా అది? మూడేళ్లుగా వేసిన వేరుశనగ విత్తనం కూడా తిరిగి రాని చేను వాళ్లది. బయ్యన్న బిందె కింద పెట్టాడు.

‘‘మా నాయన నమ్ముకున్న భూమి ఇది,’’ అని, తువ్వాలు భుజాన వేసుకుని వెళ్లిపోయాడు.

పుండు మీద కారం చల్లానని వనజాక్షికి అప్పుడు తెలిసింది. తెలిసి ఏం లాభం! జాలీ అమ్మే అంగడి ఆదివారం మూత. మనిషీ లేడు, జాలీ లేదు, గడియారం మాత్రం ఆగదు. మూడైంది. నాలుగైంది. వాకిలికీ గొట్టానికీ మధ్య ఆమె వేసిన అడుగులన్నీ కూడితే కదిరి చేరేది.

నాలుగుంబావుకు బయ్యన్న ట్రాక్టరుతో వచ్చాడు. ట్రాలీ నిండా ఇనుప జాలీ చుట్టలు. అడవి పందులు రాకుండా బయ్యన్న చేను చుట్టూ తన చేతుల్తో కట్టుకున్న కంచె. వనజాక్షి ట్రాలీ దగ్గరికి పరిగెత్తింది. కంచె విప్పేస్తే చేను గతేమిటని అడిగింది.

‘‘పందులు తినేదానికి ఆడ ఏముండాదని?’’ అన్నాడు, మొహం చూడకుండా.

ఇద్దరూ కలిసి పరిచారు. అంచు మీద అంచు వేసి, కంచెకు కట్టినట్టే కట్టుడు తీగ మెలేసి బయ్యన్న బిగించాడు. రేడియో నుంచి గొట్టానికి వచ్చే కేబుల్ పైతొడుగు తీగను ఆమె జాలీకి నాలుగు చోట్ల అతికించింది. గొట్టం చుట్టూ ఎర్రనేలంతా జాలీ కిందికి పోయింది.

ఐదున్నరకు జయరాముడు పిలిచాడు. ఆమె బదులు కొట్టింది. తర్వాత హెడ్‌ఫోన్లో ఆమె పేరు, ఒకసారి కాదు, మూడుసార్లు. వనజాక్షి ఏడ్చేసింది.

తలుపు దగ్గర నిలబడ్డ బయ్యన్న ఆగలేకపోయాడు. ‘‘ఏమంటాండాడు?’’

‘‘వాన పడిందా అని.’’

అతను కిటికీలోంచి చేను వైపు చూశాడు. కంచె పోగా గుంజలు మాత్రం మిగిలాయి.

‘‘పడిందని చెప్పు.’’

ఇరవై రెండేళ్లలో ఆమె ఒక్క అబద్ధం కొట్టలేదు. ఇప్పుడు ‘ఉంది’ అని కొట్టింది. అవతలి నుంచి టిక్కుటక్కులు ఎగిరెగిరి వస్తుంటే, హెడ్‌ఫోన్ తీసి మొగుడి చెవికి పెట్టింది. బయ్యన్నకు ఆ భాష ఒక్క ముక్క రాదు. అయినా చివరిదాకా విన్నాడు.