కంప కట్టే మనిషి

పొద్దున్నే పాలు పొయ్యి మీంద పెట్టేదానికంటే ముందు నేను చేసే పని, పెరట్లో టవరుకు ముండ్లకంప సరిచేసేది. నలభై అడుగుల ఇనప టవరు. మా ఆయన అనంతకృష్ణ కాలేజీలో ఫిజిక్స్ చెప్తాడు, సాయంత్రమైతే హామ్ రేడియోలో దేశదేశాల వాళ్ళతో మాట్లాడతాడు. ప్రొద్దుటూరులో ఇట్లాంటిది ఇంకోటి లేదని శానా గర్వం. టవరు కాళ్ళ చుట్టూ మనిషెత్తు సర్కారు కంప పేర్చి, తీగతో బిగించాల. పక్కనే మునగచెట్టు. ఆ ఆకు కోసం మేకలు అడ్డకమ్మీల మీంద కాళ్ళు పెడతాయి. కోతుల సంగతి చెప్పేదే వద్దు. ఇక ఇస్కూలు వదిలితే వీధిలో పిల్లకాయలంతా మా గోడ మీందే. కట్టె పట్టుకుని అదిలించీ అదిలించీ నా గొంతే మారిపోయింది. పిల్లకాయలు నాకు కంపక్క అని పేరు పెట్టినారు.

ఆరేండ్లాయ ఈ కాపలా. టవరు లేచిన నెలకే నాతో ఇస్కూల్లో పాఠాలు చెప్పేది మాన్పించినాడు. "పగలంతా ఇంట్లో మనిషి లేకపోతే ఎట్ల? ఎవరి బిడ్డన్నా ఎక్కి పడితే?" అన్నాడు. నన్నూ ఒక మనిషనుకున్నాడే అని ఆ పొద్దు మురిసిపోయినా. నా బుద్ధిని చెప్పుతో కొట్టాల! ఒకసారి మేక ఎక్కి వైరు కొరికితే, "ఎమ్మెస్సీ చదివినావు, ఒక్క మేకను ఆపలేవా?" అని చుట్టాల ముందర నవ్వినాడు. మా అత్త యశోదమ్మతో చెప్పుకుంటే, "తాగుడు లేదు, తిరుగుడు లేదు. ఒక కమ్మీ నిలబెట్టుకున్నాడు బిడ్డ. దానికీ ఏడుపేనా ఆండాళూ?" అనింది. ఇటలీలో ఎవరికో మోకాళ్ళ నొప్పులని ఈయనకు తెలుసు, రోజూ అడుగుతాడు పాపం. నేను ఏడాదిగా మింగుతాండే మాత్రలు దేనికో ఒక్కనాడూ అడగలేదు.

నా చేతుల్లో ముండ్లు తీసేది పక్కింటి ఆసియా. మొగుడు కువైట్లో డ్రైవరు. ఎనిమిదేండ్ల కూతురు నూరున్నీసాతో ఒకతే ఉంటాది. నా చెయ్యి ఒళ్ళో పెట్టుకుని పిన్నీసుతో గుచ్చుతా, "అక్కా, నువ్వు పెండ్లి చేసుకుంది ఆయన్నా, ఈ కమ్మీనా?" అనేది. ఆ వీధిలో నన్ను నవ్విచ్చేది ఆమె ఒకతే.

ఆ ఆదివారం ఆయనకు రేడియో పోటీ. యాంటెన్నా తిప్పాలని టవరెక్కినాడు. ఎక్కేటప్పుడు కంప తీసేది ఆయన, దిగినంక "కట్టెయ్యే" అని కేకేస్తే కట్టేది నేను. ఆ పొద్దు పోటీకి టైమయిందని కేక వెయ్యకుండానే లోపలికి పోయి చెవులకు హెడ్‌ఫోన్లు తగిలించుకున్నాడు. నేను వంటింట్లో పప్పు తిరగమాత పెడతాంటి. ఆయన ఎక్కింది గానీ, దిగింది గానీ నాకు తెలీదు. నూరున్నీసా సాకే పిల్లికూన టవరు మీందికి పోయిందంట. దాని కోసం ఆ బిడ్డ ఎక్కింది.

అరుపు విని నేను ఉరికేసరికి కంప ఒక పక్క, బిడ్డ ఒక పక్క. తొడ దగ్గర కాలు తిరగబడి ఉంది. మా ఆయన బయటికొచ్చి, ముందు తలెత్తి పైకి చూసినాడు. "యాంటెన్నాకేం కాలేదు గదా?" అన్నాడు. ఆ తర్వాతే కిందికి చూసినాడు.

ఆస్పత్రి వరండాలో నన్ను పక్కకు పిలిచినాడు. ఆరేండ్లలో ఎప్పుడూ మాట్లాడనంత మెత్తగా మాట్లాడినాడు. "పోలీసులొస్తారు. కంప నువ్వే తీసి మరిచిపోయినానని చెప్పు. నేనని తెలిస్తే నా రేడియో లైసెన్సు పోతాది. కాలేజీలో పేరు పోతాది. నీకేం పోతాది, చెప్పు?"

నిజంగానే ఆలోచన చేసినా. ఉద్యోగమా? లేదు. పేరా? కంపక్కకు పేరేంది? ఆ ప్రశ్నకు నా దగ్గర జవాబు దొరకలే. దొరకనందుకు సిగ్గయింది, ఆ సిగ్గులోనే సరేనన్నా. బిడ్డ మంచం దగ్గరే కానిస్టేబులు రాసుకున్నాడు. సంతకం పెట్టినా. మంచం పక్కన నిలబడి ఆసియా అంతా వినింది, నన్నే చూసింది. మరుసటి రోజు సాయంత్రం ఆయన మైకులో ఎవరికో ఇంగ్లీషులో చెప్తాండాడు, ఇంట్లో చిన్న ప్రమాదం జరిగిందనీ, మా ఆవిడకు కొంచెం మతిమరుపనీ. అవతలోడు నవ్వినాడు. ఈయనా నవ్వినాడు. మైకు ఆపినంక నాతో, "కంప ఇంకో రెండు వరసలు కట్టు," అన్నాడు.

పది రోజులకు బిడ్డను ఇంటికి తెచ్చినారు. నడుము నుంచి పాదం దాకా కట్టు. కాలు పొట్టి పడొచ్చన్నాడంట డాక్టరు. నాకు అన్నం సయించలేదు. ఆయన కాలేజీకి పోయినంక ఆసియా ఇంటికి పోయినా. కూర్చోమనలేదు. నిలబడే చెప్పినా. "ఆ పొద్దు కంప తీసింది నేను కాదు ఆసియా, మా ఆయన. నేను అబద్ధం చెప్పినా."

బిడ్డకు అన్నం కలుపుతా, తల ఎత్తకుండా, "నాకు తెలుసు," అనింది.

ముద్ద చేస్తా చెప్పింది.

"మిద్దె మీంద మిరక్కాయలు ఆరబోస్తాంటి. మీ ఆయన కంప పీకి పక్కన పారేసేది ఈ కండ్లతో చూసినా. నువ్వొచ్చి కడతావులే అనుకున్నా. నా మాట ఎవరింటారు, ఆయన సారు. ఆస్పత్రిలో నువ్వే చెప్తావని నీ నోటి దిక్కు చూస్తా నిలబడినా." ముద్ద బిడ్డ నోట్లో పెట్టింది. "ఆయన అబద్ధమాడతాడని నాకు తెలుసు. నువ్వాడతావని తెలీలే."

మాటమాటకూ అక్కా అనే మనిషి ఒక్కసారి కూడా అనలేదు. నూరున్నీసా ముద్ద నములుతా నన్ను చూసి, భయపడి తల్లి కొంగు పట్టుకునింది. ఆ బిడ్డకు ఇప్పటికీ తెలిసింది, తన కాలు నా వల్ల విరిగిందనే.

నేను ఇంటికి పోలేదు. ఆటో ఎక్కి పోలీసు స్టేషనుకు పోయినా. రైటరు నన్ను గుర్తుపట్టి, "ఏమ్మా, అది అయిపోయింది గదా, మళ్ళీ ఏంది?" అన్నాడు.

"పోయినసారి రాసింది తప్పు. మళ్ళీ రాసుకోండి."

"సారుకు తెలుసా నువ్వొచ్చింది?"

"తెలీదు. మీరు రాసినంక తెలుస్తాది."

రైటరు పెన్ను తీసినాడు.

"కంప తీసింది మా ఆయన," అన్నా. "తెలిసి దాచింది నేను. రెండూ రాయండి."