సభలో ఆడవాళ్ళున్నారు

మంచినీళ్ళ గొట్టంలోకి మురుగునీళ్ళు ఎందుకొస్తున్నాయని పురపాలక సభలో అడగడమే ఆమె చేసిన తప్పు. ఆమె దర్జీ. వార్డంతా ఆమెను టైలరక్క అనే పిలిచేది, ఆ పేరుతోనే ఓట్లేసి గెలిపించింది. గొట్టాలు వేసిన కాంట్రాక్టరు ఉపాధ్యక్షుడి బావమరిది.

మూడో రోజుకల్లా ఒక ఫొటో ఊరంతా ఫోన్లలో తిరిగింది. తల ఆమెది, ఒళ్ళు ఎవరిదో. కింద ఆమె ఫోన్ నంబరు.

ఇక ఫోన్ మోగుతూనే ఉంది. కుట్టడానికిచ్చిన బట్టల్ని ఇద్దరు ముగ్గురు తిరిగి పట్టుకెళ్ళారు, తొందరేం లేదంటూ, ఆమె మొహం చూడకుండా. పదో తరగతి చదివే కూతురు మధ్యాహ్నానికే బడినుంచి వచ్చేసి తలుపేసుకుంది. భర్త బస్సు డ్రైవరు. డిపోలో ఎవరో వెకిలిగా నవ్వితే వాడి కాలర్ పట్టుకుని గొడవపడి వచ్చాడు.

"మనకెందుకే ఈ రొంపి? రాజీనామా చేసి పారెయ్," అన్నాడు.

ఇంతలో మళ్ళీ ఫోన్ మోగింది. ఈసారి అత్తగారు తీసింది. అవతలివాడు కూసిందంతా విని, "ఎవరబ్బాయివి నాయనా నువ్వు?" అని అడిగింది. ఫోన్ కట్టయింది.

"ఎవరబ్బాయివంటే పారిపోయాడే వెధవ! రాజీనామా నువ్వెందుకు చెయ్యాలే? దొంగతనం చేశావా?" అంది కోడలితో.

మర్నాడు పార్టీ పెద్దాయన కబురు పెట్టాడు. "ఇలాంటివి దులిపేసుకోవాలమ్మా. కొన్నాళ్ళు సమావేశాలకి రాకు, అదే సద్దుమణుగుతుంది."

"ఫొటో పంపినవాళ్ళని కూడా రావద్దన్నారాండీ?"

ఆయన కళ్ళజోడు తుడుచుకున్నాడు.

ఆమె ఇంటికొచ్చి ఒక నోటుపుస్తకం తీసింది. వచ్చిన ప్రతి మెసేజీ, ప్రతి నంబరు, టైముతో సహా ఎక్కించింది. రెండుసార్లు లేచి మొహం కడుక్కుని, మళ్ళీ కూర్చుని రాసింది.

తర్వాతి సమావేశంలో లేచి నిలబడి చదవడం మొదలుపెట్టింది. మొదటిది చదివేసరికి గుసగుసలు ఆగిపోయాయి. రెండోది సగంలో ఉండగానే అధ్యక్షుడు బల్ల చరిచాడు.

"ఆపండి! సభలో ఆడవాళ్ళున్నారు!"

"ఉన్నారండీ. ఇవి పంపింది వాళ్ళలో ఒకదానికే."

"ఈ మాటలు రికార్డులోంచి తీసెయ్యండి."

"మాటలు తీసేస్తారు. సరే, నంబర్లు రాసుకోండి."

నాలుగో నంబరులో ఇంకా రెండంకెలు మిగిలుండగానే ఉపాధ్యక్షుడు కుర్చీలోంచి లేచాడు. "ఆపమన్నారు కదా! వినపడట్లేదా?"

ఆమె తలెత్తి అతనివైపు చూసింది. "చివరి రెండంకెలూ మీకు ముందే తెలిసినట్టున్నాయే!"

ఆ నంబరు అతని కారు డ్రైవరుది. పోలీసులు డ్రైవర్ని తీసుకెళ్ళారు, నాలుగు రోజుల్లో వదిలేశారు. ఉపాధ్యక్షుడు తనకేమీ తెలియదన్నాడు, పదవిలోనే ఉన్నాడు. పరువు పోతుందన్న భయంతో గొట్టాలు మాత్రం మార్చారు. కూతురు బడి మారింది. ఫోన్ మోగితే ఇప్పటికీ ఉలిక్కిపడుతుంది.

పక్క వార్డుకి ఉపఎన్నిక వచ్చింది. అక్కడి ఆస్పత్రి నర్సు పోటీకి సిద్ధమైంది. జ్వరాల లెక్కలతో సహా వార్డు సంగతులన్నీ ఆ పిల్లకి కంఠతా వచ్చు. నామినేషన్‌కి ముందురోజు టైలరక్క ఇంటికొచ్చి గుమ్మంలోనే నిలబడింది.

"నావల్ల కాదక్కా. నీకు జరిగింది చూశాక మా ఇంట్లో ఒప్పుకోవట్లేదు. నాక్కూడా భయంగానే ఉంది."

టైలరక్క ఆ పిల్లని ఒక్క మాటా అనలేదు. అనాల్సినవాళ్ళు వేరే ఉన్నారు. ఆ పిల్ల వెళ్ళిపోయాక చేతిలోని కత్తెరని బల్లమీద విసిరికొట్టింది.

నర్సు బదులు ఆమె అన్న నామినేషన్ వేశాడు, గెలిచాడు. అతని ఫొటో ఎవరూ మార్చలేదు, అతనికి ఎవరూ ఫోన్ చెయ్యలేదు. మొదటి సమావేశానికి ఇస్త్రీ చొక్కాతో వచ్చి టైలరక్క పక్కన కూర్చున్నాడు.

"మా చెల్లికి మీరంటే చాలా గౌరవమండీ," అన్నాడు నవ్వుతూ.

"ఆ కుర్చీ దానిది తమ్ముడూ. అది గుర్తుపెట్టుకుని కూర్చో," అంది ఆమె.