పందెపు బండిలో వీణాప్రయాణము

రోహిణి కార్తెలో రోళ్లు పగులునను పెద్దల మాటను నిజము చేయుటకై కంకణము కట్టుకొన్నవాడువోలె ప్రచండభానుడు బెజవాడ నగరముపై నిప్పులు చెరుగుచుండ, కాలువల నీరు కాగులలోని నీరై వెచ్చనూర్పులు విడుచుచుండ, కొండరాళ్లు పెనములై కాలుచుండ, వీధికుక్కలు తూముల నీడలయందొదిగి నాలుకలు వ్రేలవైచి రొప్పుచుండ, తలుపులు బిగించుకొని గృహస్థులెల్లరు మధ్యాహ్ననిద్రావివశులైయున్న వేళ సత్యనారాయణపురమునందలి యొక వీధిలో ప్రళయకాలమేఘగర్జనమును బోలు మహాధ్వని యొకటి పుట్టెను. పావురములు చెదరి లేచెను. ఊయలలోని శిశువులు కెవ్వుమనిరి. ఎదురింటి పురోహితులవారు కన్ను విప్పకయే "వచ్చాడమ్మా, ఊరేగింపుతో వచ్చాడు" అని గొణిగి ప్రక్కకు దొర్లిరి. ఉరుము వినబడిన పిదప వాన వచ్చునని లోకమునకొక యాశ యుండును. ఈ యురుము వెనుక వచ్చునది ఫణిభూషణరావు మాత్రమే.

ఈ ఫణిభూషణరావు నలుబది దాటిన గృహస్థు. బీమాకార్యాలయమున నుద్యోగి. మానవప్రాణము నీటిబుడగవంటిదనియు ఏ క్షణమున నేమగునో తెలియరాదనియు దినమెల్ల పరులకు కన్నులు చెమర్చునట్లు బోధించి సాయంకాలమున తన ప్రాణమును కాలి బొటనవ్రేలి క్రింద నదిమి పరుగెత్తించు ధీరుడు. అతనికొక యెఱ్ఱని పొట్టికారు గలదు. కర్మాగారమునుండి వెడలిననాడే యది చిన్న దేహమున పెద్ద గుండె గల చుఱుకైన బండి. అత్తగారిని ఆసుపత్రికి, కూతురిని బడికి, బియ్యపుబస్తాను ఇంటికి కిమ్మనక మోసెడిది. అవసరమైనచోట లేడివలె దూకెడిది. దానికి లోపమొక్కటియు లేకుండెను. లోపము లేని వస్తువును చూచి యోర్వగల శక్తి ఫణిభూషణరావునకు దైవము ప్రసాదింపలేదు.

పరదేశీయులు తమ కార్లను విప్పి బిగించు చిత్రములను భోజనసమయమున సైతము ఫోనులో చూచి చూచి పప్పన్నములో పెరుగు కలుపుకొను స్థితికి వచ్చిన యొకనాడు అతనికి జ్ఞానోదయమైనది.

"ఒకటే బండి. వారమంతా ఆఫీసుకి, ఆదివారం ట్రాకుకి. రెండిటికీ సరిపోయేలా తయారుచేస్తాను. చూస్తూ ఉండు" అని భార్యయగు కాత్యాయనితో ననెను.

ఆమె చూచుచునే యుండెను. మలుపులలో ఒరగరాదని మెత్తని స్ప్రింగులు తీయించి గునపములవంటి బిఱుసు స్ప్రింగులు వేయించి బండిపొట్టను నేలకు బెత్తెడెత్తునకు దింపెను. పొగగొట్టమునందు చప్పుడును మ్రింగు డబ్బాను పెఱికించెను. బరువు తగ్గిన వేగము పెరుగునని వెనుకసీటు పీకించెను. ఆ సీటు క్రింది తివాచీని, తివాచీ క్రింద వేడిని చప్పుడును ఆపుటకై కర్మాగారమువారు పరచిన దళసరి పొరలను చర్మమొలిచినట్లు ఒలిపించి వట్టి రేకును మిగిల్చెను. తుదకు బరువను నెపమున ఏసీయంత్రమును గూడ ఊడబీకించెను. బండినుండి యింత భారము దింపిన యా మహనీయునకు తన పొట్టనుండి పిడికెడైన దింపుకొనవలెనను తలపు స్వప్నమునందును కలుగలేదు.

ఇట్లు సంస్కృతమైన రథము పందెపు బాటపై నేమి సాధించెనో వినదగును. చెన్నపట్టణము దాపున గల బాటకు శిరస్త్రాణమును చేతితొడుగులను ధరించి వెడలిన ఫణిభూషణరావు అదే జాతి బండిని, అంగడినుండి వచ్చినది వచ్చినట్లే, ఏసీ చల్లగా వేసికొని వెనుక పసిబిడ్డసీటు బిగించుకొని నడపుచున్న యొక దంతవైద్యురాలిచేత దాటబడెను. ఆమె రెండవమారు దాటునప్పుడు చేయెత్తి మర్యాదగా నవ్వెనట. ఇంటికి వచ్చి యతడు "టైర్లు వేడెక్కలేదు" అనెను. ఇంటివారెవ్వరు నేమియు అడిగియుండలేదు.

ఇక దినచర్య. బెజవాడ వీధులలో నాలుగిండ్లకొక స్పీడుబ్రేకరు గలదు. నేలను ముద్దిడుకొను నా బండి వానిని దాటజాలదు. కావున ప్రతిదానికడను ప్రక్కసీటువారు దిగవలయును, బండి యెండ్రకాయవలె నడ్డముగా ప్రాకి దాటవలయును, దిగినవారు మరల నెక్కవలయును. ఫణిభూషణరావు తల్లి సీతారావమ్మగారు పట్టుచీర కట్టుకొని బంధువులయింటి పేరంటమునకు బయలుదేరిన దినమున ఈ విధానమును తొలిసారి యనుభవించిరి.

"ఏమిట్రా ఇది, కూర్చునేదా, రుబ్బురోలా? ఎక్కడానికి ఒకళ్లు తొయ్యాలి, దిగడానికి ఇద్దరు లాగాలి!"

"రేసు సీటమ్మా. మలుపులో మనిషిని కదలనివ్వకుండా పట్టుకుంటుంది."

"పేరంటానికెళ్లే ముసల్దాన్ని పట్టుకుంటే దానికేం ఒరుగుతుందిరా?"

మూడవ స్పీడుబ్రేకరుకడ దిగిన సీతారావమ్మగారు మరల నెక్కలేదు. "నువ్వు నెమ్మదిగా రా నాయనా, నేను నడిచి వెళ్లి తాంబూలం పుచ్చుకుని వచ్చేస్తాను" అని చెంగు బిగించి నడచిపోయిరి. అన్నట్లే తిరిగివచ్చుచు దారిలో కొడుకును కలిసిరి. నాటినుండి యామె ఆటోలోనే సంచరించుచుండిరి. ఆ బండికి రోలుబండి యను పేరు మాత్రము వీధియందు స్థిరపడెను.

ఇంతవరకు నవ్వుకొనదగిన కథయే. నవ్వరాని భాగ మిక వచ్చుచున్నది.

కాత్యాయని వైణికురాలు. కన్యగా నున్నప్పుడు త్రిపురసుందరమ్మగారను విదుషీమణికడ శిక్షపొంది రెండు సభలలో మెప్పొందినది. పెండ్లియైన పిదప వీణ గదిమూలకు చేరినది. దానిపై మొదట గలేబు, గలేబుపై దుమ్ము, దుమ్ముపై ఆరవేసిన బట్టలు చేరినవి. కూతురు పెద్దదైన తరువాత ఆమె యొకనాడు బట్టలు తీసి దుమ్ము దులిపి తెల్లవారుజామున మరల శ్రుతి చేసికొన్నది. వ్రేళ్లు పగిలినవి, మానినవి, కాయలు కాచినవి. ఎనుబది దాటిన త్రిపురసుందరమ్మగారు శిష్యురాలి వాదనము విని సభవారితో స్వయముగా మాటలాడి వేసవి సంగీతోత్సవములలో నొక సాయంకాలపు కచేరీ కుదిర్చిరి. "నేనుండగా నిన్ను వేదిక మీద ఒక్కసారి చూసుకుంటానే" అని యామె యనిన మాట కాత్యాయని గుండెలో దీపమువలె వెలుగుచుండెను.

ఎఱుగనివారికై యొక మాట. వీణమెట్లు కఱ్ఱకు మేకులతో దిగగొట్టబడినవి కావు. కరగించి పోసిన మైనముపై నిలుపబడినవి. స్వరస్థానమెఱిగిన శిల్పి వైణికుని చెవి తన చెవిగా జేసికొని ఒక్కొక్క మెట్టును వెండ్రుకవాసి జరుపుచు మేళము కట్టును. మైనము చల్లబడి బిగిసిన పిదప ఆ మెట్టు ఆ స్వరమునకు ఇల్లగును. ఎండలో నుంచిన వీణ పాడగునని వైణికుల యిండ్లలో పసిపిల్లలకు సైతము తెలియును. కాత్యాయని ఈ కచేరీకై నూజివీడునుండి శిల్పిని రప్పించి క్రొత్తగా మేళము కట్టించుకొన్నది.

కచేరీకి ముందునాడు ఆమె భర్తతో ననెను.

"ఏమండీ, రేపు ఏసీ ఉన్న క్యాబు చెప్పుకుంటానండీ. మధ్యాహ్నపు ఎండకదా, వీణతో..."

"ఇంటి ముందు అంత బండి పెట్టుకుని క్యాబా? సభ దగ్గర నలుగురూ చూస్తే నా పరువేం కాను?"

"వెనక సీటు లేదు కదండీ."

"సీటు లేదు కాబట్టే వీణ పడుతుంది! చూశావా, ట్రాకు కోసం చేసింది ఇంటిక్కూడా ఎలా పనికొచ్చిందో!"

రెండేండ్లుగా తన సిద్ధాంతమునకు సాక్ష్యము వెదకుచున్నవానికి సాక్ష్యము దొరకినది. ఇక వానికి వీణ కనబడలేదు. సీతారావమ్మగారు వంటయింటినుండియే "అమ్మాయ్, ఆ రోలుబండిలో సరస్వతిని పడుకోబెట్టకు. నాతో ఆటోలో రా, ఇద్దరం ఒళ్లో పెట్టుకుందాం" అనిరి. కాత్యాయని వినెను. కాని కచేరీకి ముందు కలహించినచో ఆ కలహము వ్రేళ్లలో నిలిచి రాగములో పలుకునని భయపడి యూరకుండెను. లోకములో నెందరో యిల్లాండ్రు ఇట్లే శాంతిని కొనుచుందురు. అమ్మువాడు మాత్రము ఎన్నడును సరియైన తూకము తూచడు.

మరునాటి మధ్యాహ్నము ఆమె బండివెనుక వట్టి రేకుపై దళసరి బొంతను రెండు మడతలు పరచి దానిపై వీణను పడుకొనబెట్టెను. ఫణిభూషణరావు వచ్చి చూచి బొంతను లాగివైచెను.

"బొంతుంటే మలుపులో జారుతుంది. రేకు మీదే పెట్టి బెల్టుతో బిగిస్తే కదలదు. ఇవన్నీ నాకు వదిలెయ్."

ఆ రేకు క్రిందనే యింజను పొగగొట్టము సాగియుండెను. పొరలున్ననాడు ఆ వేడి లోనికి వచ్చెడిది కాదు. పొరలు బరువని యొలిచినవాడతడే. బొంత జారునని తీసినవాడు నతడే. అయినను ఈ రెంటి నడుమ నొక సంబంధము గలదని యతనికి తోచలేదు.

ఊరిలో స్పీడుబ్రేకర్లెక్కువయని యతడు చుట్టుదారి పట్టి రహదారికెక్కెను. అచ్చట నొక లారీ యడ్డముగా నిలిచిపోయి బండ్లు బారులు తీరియుండెను. ఏసీ లేని యా యెఱ్ఱని పెట్టె యెండలో నిలిచి ఉరుముచుండెను. కాత్యాయని పట్టుచీర చెమటతో తడిసి మేనికంటుకొనెను. నాలుగు బెల్టులతో కట్టబడిన యామె వెనుకకు తిరుగనైన జాలదు.

"ఏమండీ, వెనక రేకు కాలుతోందేమో. ఒక్కసారి ఆపి చూద్దామండీ."

"ట్రాకులో దీనికి రెండింతలు వేడెక్కుతుంది. అప్పుడేమన్నా అయిందా?"

ట్రాకునకు అతడు వీణను గొనిపోలేదని యామె యనలేదు. దారి విడిన పిదప పోయిన కాలమును సంపాదించుటకై యతడు బండిని దూకించెను. గోతిగోతికిని ఆ గునపపు స్ప్రింగులు భూమి యెక్కడ పగిలియున్నదో వెన్నెముకకు చదివి వినిపించుచుండెను. వెనుకనుండి తంత్రులు సన్నగా మూలిగెను. ఆమె కన్నులు మూసికొనెను.

సభాభవనమునందు సీతారావమ్మగారును త్రిపురసుందరమ్మగారును ముందే వచ్చి మొదటి వరుసలో చల్లగా కూర్చుండియుండిరి. కాత్యాయని వేదిక వెనుక గదిలో గలేబు విప్పెను. మైనము నల్లగా కరిగి ప్రక్కలకు జారియుండెను. మెట్లు కొన్ని యొరిగి, కొన్ని యొకదానిపై నొకటి వాలి, దెబ్బ తిన్న పలువరుసవలె నుండెను. ఆమె తంత్రిని మీటెను. వట్టి తంత్రి శ్రుతిలోనే పలికెను. మెట్టుపై వ్రేలుంచెను. ఎచ్చట గాంధారముండవలెనో అచ్చట ఏ స్వరమును లేదు.

సభాకార్యదర్శి వచ్చి చూచి నొచ్చుకొని మరియొక వీణకై యిద్దరు ముగ్గురికి ఫోను చేసెను. దొరకిన యొక్కటియు పటమట కావల నుండెను. సభ నిండియుండెను. కాలము నిలువదు కదా! తరువాత వాయింపవలసిన వేణువిద్వాంసుని ముందుగా వేదిక యెక్కించిరి. తెర కావలినుండి మొదటి ఆలాపన గాలివలె వచ్చి ఆ గదిలో దూరెను.

త్రిపురసుందరమ్మగారు కఱ్ఱ పట్టుకొని లోనికి వచ్చి మెట్లను చూచి శిష్యురాలి యెడమచేతిని తన చేతిలోనికి తీసికొని వ్రేళ్లకొనలయందలి కాయలను నిమిరిరి.

"ఇవి బాగానే ఉన్నాయే. మైనం మళ్లీ పోస్తారు."

"మీరు వినాలని..."

"దసరాకి వింటాను. అందాకా ఉంటాలే, పిలుపొస్తే నాకు పని ఉందని చెప్తాను."

అంతవరకు కన్నీరు పెట్టని కాత్యాయని అప్పుడు పెట్టెను.

ఫణిభూషణరావు వెలుపల నలుగురు యువకులకు బండిమూత తెఱచి యింజను చూపుచు "ఆఫీసుకీ ఇదే, ట్రాకుకీ ఇదే, ఇవ్వాళ కచేరీక్కూడా ఇదే" అని చెప్పుచుండెను. కబురంది లోనికి వచ్చి వీణపై వంగి మైనమును చూపుడువ్రేలితో నొక్కి చూచి యంత్రశాస్త్రవేత్తవలె తలపంకించెను.

"కొంచెం మెత్తబడిందంతే. చల్లారితే గట్టిపడుతుంది కదా! ఎందుకంత గాభరా?"

కాత్యాయని మొగము తుడుచుకొని యతనివంక చూచెను. ఆ చూపులో కోపము లేదు. పనికిరాని వస్తువును అటకమీదికి చేర్చువేళ ఇల్లాలు చూచు చూపది.

"గట్టిపడుతుందండీ. తప్పు చోట గట్టిపడుతుంది."

సీతారావమ్మగారు కొడుకును దాటి గుమ్మముకడకు పోయి చప్పట్లు చఱచి ఆటోను పిలిచిరి. "పరువుకి ఎండ తగలకుండా చూసుకో నాయనా" అని వెనుకకు తిరుగకయే పలికి యెక్కిరి. నడుమ కాత్యాయని, ఇరుప్రక్కల ఇద్దరు వృద్ధాంగనలు, ముగ్గురి యొడులయందు నడ్డముగా వీణ. దాని కొనయందు సింహపుమోమువలె చెక్కిన యాళిముఖము ఆటో వెలుపలికి సాగి పడమటి యెండవంక చూచుచుండెను.

మూడుచక్రముల యా పేదబండి టకటక లాడుచు సాగి మొదటి స్పీడుబ్రేకరుపై ముందొక చక్రము వెనుక రెండు చక్రములుగా మెల్లగా లేచి మెల్లగా దిగెను. ఒడులు మెత్తనివి గావున వీణ యుయ్యెలయందలి శిశువువలె నొకమారు లేచి యొదిగెను. ఆ వెనుకనే ఉరుముచు వచ్చిన యెఱ్ఱబండి అచ్చట నాగెను. దిగి బరువు తగ్గించుటకు ప్రక్కసీటులో నెవ్వరును లేరు. అడ్డముగా ప్రాకుటకు ఎదురుబండ్లు త్రోవ నీయలేదు. నేరుగా నెక్కించినచో పొట్ట గీసికొనును. అదియు తెలిసి, వెనుకబండ్ల హారనుల మ్రోతకు తాళలేక ఫణిభూషణరావు నేరుగానే యెక్కించెను. వీధియెల్ల దద్దరిల్లునట్లు రేకు గట్టును గీసి బండి యచ్చటనే చిక్కెను. ముందు పోవు ఆటోలోని మువ్వురిలో నొక్కరును తల త్రిప్పలేదు. ఆటో మలుపు తిరిగి మఱుగయ్యెను.

రెంటికి చెడిన రేవడి సామెతను మన పూర్వులు చాకిరేవుకడ కనిపెట్టిరి. వారికి కారులు లేవు. ఉన్నను ఆ సామెతలో నొక్క యక్షరమైన మార్పవలసిన పని వారికి కలిగియుండదు. గట్టు మీద నిలిచిన యా యెఱ్ఱబండి ముందుకు పోలేక వెనుకకు రాలేక ఇంకను గర్జించుచునే యుండెను. దాని గర్జన నడుమ, దూరమున, గోతిలో ఆటో త్రుళ్లినప్పుడు వట్టి తంత్రి యొకటి తనంతట తాను మ్రోగెను. అది శ్రుతిలోనే యుండెను.