డ్రిల్లుకు తొడిగిన సంచి

గోడలకు చిల్లులు పెట్టడానికి వాడే మామూలు డ్రిల్లు ఒకటి తెచ్చి, కోడలు దానికి చొక్కా కుట్టింది. చొక్కా అంటే నీరు చొరని గుడ్డసంచి. ఎముకలకు రంధ్రాలు వేసే ఆపరేషన్ డ్రిల్లు కొనాలంటే చిన్న ఆసుపత్రులు తల తాకట్టు పెట్టుకోవాలి. అదే ఈ సంచిని క్రిములు చచ్చేలా ఆవిరిలో ఉడికించి మామూలు డ్రిల్లుకు తొడిగితే, లోపలి మురికి బయటికి రాదు. ఉతుక్కుని మళ్లీ మళ్లీ వాడుకోవచ్చు.

అసలు తిప్పలన్నీ అత్తగారితోనే. ప్రతి సంచినీ నీళ్లతో నింపించి, వంటింటి కొక్కేనికి వేలాడదీయించి, కింద పాత పేపరు పరిచి, ఎదురుగా కుర్చీ వేసుకుని కూర్చునేది. ఒక్క చుక్క పడిందా, అంతే సంగతులు.

"నీ కుట్టు కన్నా నా జల్లెడ నయం," అనేది.

కోడలు పళ్లు నూరుకుంటూ విప్పి మళ్లీ కుట్టేది. ఆ పోరు పుణ్యమా అని సంచి నెగ్గింది. దగ్గర్లోని చిన్న ఆసుపత్రిలో ఎందరి కాళ్లకో ఆ డ్రిల్లుతోనే ప్లేట్లు బిగించారు.

ఇంతలో అత్తగారు బాత్రూంలో కాలుజారి తొడ ఎముక విరగ్గొట్టుకుంది. రేపే ఆపరేషన్ అన్నాడు చిన్న ఆసుపత్రి డాక్టరు. కోడలు వరండాలోకి వెళ్లి ఫోను చేసి, అత్తగారి మంచం దగ్గరికి వచ్చింది.

"పెద్దాసుపత్రికి వెళ్దాం అత్తయ్యా. అంబులెన్సుకి చెప్పాను. అక్కడ అసలు డ్రిల్లుంటుంది."

అత్తగారు మూలగడం ఆపింది. "ఇక్కడున్నది పనిచెయ్యదా?"

"చేస్తుంది. కానీ మీకు..."

"నాకేమైనా కొమ్ములున్నాయా?"

"మీకేమన్నా అయితే నేను తట్టుకోలేను."

అత్తగారి మొహం మెత్తబడింది గానీ, నోరు మెత్తబడలేదు. "మరి ఇన్నాళ్లూ ఎవరికేమైనా పర్లేదనుకుని కుట్టావా?"

కోడలు సిగ్గుతో చచ్చిపోయింది. పక్క మంచం మీద కాలికి కట్టుతో పడుకున్న బస్సు కండక్టరు అన్నీ వింటున్నాడు. మొన్ననే అతని కాలికీ ఆ డ్రిల్లుతోనే ప్లేటు వేశారు. అతని వైపు చూడడానికి ఆమెకు మొహం చెల్లలేదు.

ఫోను చేసి అంబులెన్సు వద్దని చెప్పింది. రేపటి ఆపరేషన్‌కి వాడబోయే, ఇంకా ఉడికించని సంచిని నర్సునడిగి తెచ్చి, నీళ్లు నింపి, సెలైన్ స్టాండుకు తగిలించింది. అత్తగారు చెప్పకముందే కింద పేపరు పరిచింది.

"కాస్త ఇటు జరపమ్మా," అన్నాడు కండక్టరు. "నాకూ కనపడాలి కదా."

కోడలు స్టాండును రెండు మంచాల మధ్యకు జరిపింది. ముగ్గురూ పేపరు వైపే చూస్తూ ఉండిపోయారు.