ఎదురుగా ఉన్న సీటు

"ఇంట్లో ఎంతమంది ఉంటారమ్మా?" అని వేడినీళ్ల టబ్‌లు అమ్మే షోరూంలో సేల్స్‌మన్ మామూలుగానే అడిగాడు. "ఐదుగురం" అంది టైలరమ్మ, అదురూ బెదురూ లేకుండా.

ఉన్నది ఆమె ఒక్కతే. పోనీ, అబద్ధాలు అలవాటున్న మనిషా అంటే అదీ కాదు. కానీ బతుకంతా గుడ్డలు కత్తిరించిన చెయ్యి ఆమెది. ఏ కొలతైనా కాస్త ఎక్కువే చెబుతుంది. కుట్టు లోపల రెండు వేళ్ల గుడ్డ వదలకుండా ఆమె ఏనాడూ ఏ బట్టా కుట్టలేదు. మనిషి ఒళ్లు చేస్తే విప్పుకోవడానికి ఉండాలి కదా అనేది. ఈసారి మాత్రం ఏకంగా నలుగురు మనుషులను వదిలేసింది.

మిషను మీద వంగి వంగి ఆమె నడుము పాడైపోయింది. వేడినీళ్ల ధార గట్టిగా తగిలేలా కూర్చోమని డాక్టరు చెప్పాడు. ఒకప్పుడు ఆ నొప్పి తీసే పని చెల్లెలిది. ఎదురుగా కూర్చుని కాజాలు కుట్టే ఆ చెల్లెలు మధ్యాహ్నం కాగానే లేచి వచ్చి, పిడికిళ్లతో అక్క నడుము గుద్దేది. "ఇంకాస్త గట్టిగా" అంటే, "విరిగితే నన్నడక్కు" అనేది. ఇక ఈ పిల్లకు పెళ్లి మాటే లేదని అందరూ అనుకున్నాక, నడివయసులో పెళ్లి చేసుకుంటానంది. అక్కకు కడుపు మండిపోయింది. "వెళ్లు, నువ్వు లేకపోతే నా మిషను ఆగుతుందా?" అనేసింది. చెల్లెలు వెళ్లిపోయింది. ఆ తర్వాత ఇద్దరిలో ఎవరూ ఫోన్ చెయ్యలేదు.

"ఐదుగురంటే చిన్న టబ్ చాలదమ్మా" అన్నాడు సేల్స్‌మన్. అతని చొక్కా భుజాలు రెండూ జారిపోతున్నాయి. టైలరమ్మ చూపు అక్కడే ఉంది. "నీళ్లు చిమ్మే జెట్లు ఎన్నున్నాయని చూడకండి. ఆ నీళ్లను తోసే పంపుకు సత్తా ఉందా లేదా, అది చూడండి. పంపు నీరసంగా ఉంటే వీపు మీద ఎవరో ఉఫ్‌మని ఊదినట్టే ఉంటుంది."

"మరి వేడో?"

"హీటరు చిన్నదైతే జెట్లు తిప్పగానే నీళ్లు చల్లబడిపోతాయి. ఇందులో ఆ గొడవ లేదు. ఆదివారం నీళ్లు నింపి, కాచి ఉంచుతాను. అందరూ కలిసి రండి. కూర్చుని చూడకుండా కొనకూడదు."

టైలరమ్మ సరేనని తలూపి ఇంటికి వచ్చేసింది.

ఉన్నది ఒక్కదాన్నేనని ఫోన్ చేసి చెప్పేస్తే పోయేది. నోరు రాలేదు. ఆ మాట చెప్పుకోవడమంటే చిరిగిన బట్టతో నలుగురిలో నిలబడినంత సిగ్గు ఆమెకు. చెల్లెలి నంబరు దాకా వెళ్లి, ఫోన్ మళ్లీ బల్ల మీద పెట్టేసింది. తన మీద తనకే వచ్చిన కోపంతో కూర్చుని ఐదు తుండుగుడ్డలకు అంచులు కుట్టింది. మోకాళ్లు దాటేలా ఒక స్నానపు గౌను కూడా కుట్టుకుంది, లోపల రెండు వేళ్లు వదిలి.

ఆదివారం సంచీతో దిగింది.

"మిగతావాళ్లు ఏరమ్మా?"

"వస్తున్నారు. నువ్వు తిప్పు బాబూ."

షోరూం వెనక గదిలో తెర చాటున గౌను వేసుకుని టబ్‌లోకి దిగింది. నీళ్లు హాయిగా ఉన్నాయి. పంపు మొదలవగానే ఐదు సీట్లలోనూ నురగ లేచింది. ఎవరూ లేని నాలుగు చోట్ల నీళ్లు ఎగిరెగిరి పడుతున్నాయి. ఆమె నడుముకు ధార తగిలింది గానీ చాలలేదు.

"ఇంకాస్త గట్టిగా" అంది, అలవాటుగా. అన్నాక ఆ మాట ఎవరితో అనేదో గుర్తొచ్చి కళ్లలో నీళ్లు తిరిగాయి.

సేల్స్‌మన్ ఖాళీ గుమ్మం వైపు చూశాడు. కుర్చీలో మడత విప్పని తుండుగుడ్డల వైపు చూశాడు. "రావచ్చా అమ్మా?" అని తెర జరిపి వచ్చి, టబ్ అంచు మీద చెయ్యి పెట్టాడు. "ఒక్కో సీటుకూ ఒక్కో మర ఉంది. అవతలివి కట్టేస్తే జోరంతా మీకే వస్తుంది."

ఒక మర తిప్పాడు. ఆ సీటులో నురగ చచ్చింది. ఇంకొకటి తిప్పాడు, ఆ పైన మూడోది. ధార బలంగా వచ్చి నడుములో నొప్పి ఉన్న చోటే దిగింది. చెల్లెలి పిడికిలికి దాదాపు సమానమే. ఇక సరిగ్గా ఎదురుగా ఉన్న సీటు ఒక్కటే మిగిలింది.

"అది ఉండనీ."

"కట్టేస్తే ఇంకా బాగుంటుందమ్మా. ఊరికే పోతున్నాయి కదా ఆ నీళ్లు."

"ఊరికే కాదు, అది మా చెల్లెలి సీటు." నీళ్లలోకి చూస్తూ, "ఐదుగురం లేం బాబూ. ఉన్నది నేనొక్కదాన్నే" అంది.

"అయితే ఒక్కరికి సరిపడేది చూపిస్తాను. జోరుకు జోరు, వేడికి వేడి. మీకదే నయం."

"వద్దు. నాకు ఇదే కావాలి."

అతను మర మీద నుంచి చెయ్యి తీసేశాడు. టైలరమ్మ చాపుకున్న కాళ్లు వెనక్కి లాక్కుంది, ఎదురుగా మనిషి కూర్చోవడానికి చోటు ఉండేలా.