తల తిప్పుకున్న ఫోటోలు

పజుండౌంగ్ వాగు పక్క వీధిలో ఢిల్లేశ్వరరావు ఫోటో కొట్టు పొద్దున్నే తెరుచుకునేది. తలుపు తీసి, అమ్మవారి పటానికి దండం పెట్టి, కంప్యూటర్ మీది గుడ్డ తీసి, ముందుగా బంతిని తుడిచేవాడు. ఆయన బల్ల మీద మౌస్ లేదు. ఒకపక్క జిరాక్సు మిషను, ఇంకోపక్క లామినేషన్ పెట్టె. మధ్యలో మౌస్ జరపడానికి జానెడు చోటు మిగలదు. దానికి తోడు మణికట్టు నొప్పి. అందుకని ఎవరో వాడి అమ్మేసిన ట్రాక్‌బాల్ ఒకటి కొనుక్కున్నాడు. అది కూర్చున్నచోటు నుంచి కదలదు. దాని వీపున ఉన్న ఎర్ర బంతిని వేళ్ళతో దొర్లిస్తే తెర మీద బాణం పరుగెడుతుంది. వీధివాళ్ళు దానికి బద్ధకపు ఎలక అని పేరు పెట్టారు. కొత్తవాళ్ళు ఎవరొచ్చినా దాన్ని మౌస్‌లాగే పట్టుకుని బల్లంతా ఈడ్చి, బాణం కదలక బిక్కమొహం వేసేవాళ్ళు. ఢిల్లేశ్వరరావు మీసాల్లో నవ్వుకునేవాడు.

ఆ బంతితో ఫోటోల్లో తలలు తిరిగేవి. మనిషి ముఖం మీద బాణం పెట్టి బంతిని మెల్లగా దొర్లిస్తే, పక్కకు చూసేవాడు కాస్తా ఎదురుగా చూసేవాడు. అందుకే పోయినవాళ్ళ పటం కట్టించాలన్నా, సంబంధాలకు ఫోటో పంపాలన్నా, మన తెలుగువాళ్ళు ఊరి చివర మింగళాడోన్ నుంచి కూడా బస్సెక్కి వచ్చేవాళ్ళు. ఒక్కటే చిక్కు. ఒక ఫోటోలో తల తిప్పితే, ఆ మనిషి బొమ్మ ఎక్కడెక్కడ ఉందో అక్కడల్లా తల తిరిగిపోయేది. అదే వీధిలో ఉండే రామలింగం తండ్రి పోయినప్పుడు పటం కోసం తల కాస్త కుడికి తిప్పించారు. అప్పటినుంచి ఆయన పెళ్ళి ఫోటోలో కూడా పెళ్ళాన్ని వదిలేసి పురోహితుణ్ణి చూస్తున్నాడు. రామలింగం తల్లి ఆ మాట మీద ఢిల్లేశ్వరరావుని ఇప్పటికీ సాధిస్తుంది. అందుకని ఇంటివాళ్ళని అడగకుండా ఆయన ఎవరి తలా తిప్పేవాడు కాదు.

సైన్యం గద్దెనెక్కిన ఆ ఫిబ్రవరిలో చీకటి పడితే చాలు, వీధి వీధంతా నిరసనగా గిన్నెలు మోగించింది. రానురాను గిన్నెలు ఆగిపోయి తుపాకులు మోగాయి. ఫోన్లలో నెట్ పోయింది. ఎవరు ఉన్నారో, ఎవరిని పట్టుకుపోయారో పక్కవీధికి కూడా తెలిసేది కాదు.

అలాంటి రోజుల్లో ఒక పొద్దున సార్జెంటు ఒకడు కొట్లోకి వచ్చి బల్ల మీద పెన్‌డ్రైవ్ పడేశాడు. "వీడి పోస్టర్లు కావాలి. మధ్యాహ్నం వస్తా," అని వెళ్ళిపోయాడు.

ఫోటో తెరిచి చూస్తే కృష్ణకుమార్. గుడి మెట్ల దగ్గర పూలు కట్టే సన్యాసమ్మకు ఒక్కగానొక్క కొడుకు. సైన్యానికి ఎదురుతిరిగిన ఊరేగింపుల్లో అందరికంటే ముందు నడిచిన కుర్రాడు. ఇప్పుడు నది అవతల ట్వంటేలో ఒక కుమ్మరివాళ్ళింట్లో కుండల చాటున దాక్కున్నాడు. అక్కణ్ణించి పడవెక్కి సరిహద్దుకి పోవాలి. ఈ ముఖం గోడలెక్కిందంటే మొదటి రేవులోనే దొరికిపోతాడు. దొరికినవాళ్ళు తిరిగి రావడం లేదు.

ఢిల్లేశ్వరరావు తలుపు దగ్గరగా వేసి గుడి దగ్గరకు పరుగెత్తాడు.

"సన్యాసమ్మా, పోస్టరేయమని ఒచ్చినారు."

"ఎవులిదన్నా?"

"మనోడిదే."

ఆమె చేతిలో దారం ఆగిపోయింది.

"తల ఎనక్కి తిప్పీసినామంటే మొకం ఎవులికీ తెలీదు. మెడే అగుపిస్తాది," అన్నాడాయన. "కానీ..."

"మా ఇంట్లో ఫోటోలు కూడా తిరిగిపోతాయి. అంతేనేటి?"

"అన్నీని."

"మల్లీ ఇటు తిప్పొచ్చు కదేటి?"

"తిప్పొచ్చు. తిప్పితే గోడల మీదియ్యి కూడా తిరుగుతాయమ్మా."

సన్యాసమ్మ పూలబుట్ట మీద తడిగుడ్డ కప్పింది. "ఒక్కపాలి ఇంటికెల్లి సూసొస్తానన్నా," అంది.

ఆమె కొట్టుకి వచ్చేసరికి కళ్ళు ఎర్రగా ఉబ్బి ఉన్నాయి. ఇక్కడి పిల్లలందరిలాగే బుగ్గలకు తనాకా చెట్టు బెరడు గంధం పూసుకుని బడికి పోయేనాటి ఫోటో, తండ్రి భుజాల మీద కూర్చున్న ఫోటో, అన్నీ నేల మీద పరుచుకుని చూసిందట. తనివి తీరలేదు. ఎంతసేపు చూస్తే తీరుతుంది గనక?

"సూసీసినాను. తిప్పీ," అంది.

ఢిల్లేశ్వరరావు బంతి మీద చెయ్యి వేశాడు. ఈ పిల్లాడికి మొదటి పుట్టినరోజు ఫోటో తీసింది ఆయనే. దుఃఖం పొంగుకొచ్చి తెర మసకబారింది. బంతి దొర్లింది. ఒక కన్ను పోయింది, ముక్కు పోయింది, చెంప పోయింది. చివరికి నల్లటి జుట్టూ మెడా మిగిలాయి. సన్యాసమ్మ కొంగు నోట్లో కుక్కుకుంది.

మధ్యాహ్నం సార్జెంటు వచ్చి తెర వైపు చూశాడు. "తల తిప్పేసుకున్నాడే!" అన్నాడు. తన ఫోన్లో ఉన్న ఫోటో తీసి చూసుకున్నాడు. అందులోనూ మెడే. ఢిల్లేశ్వరరావుని లేపి తానే కూర్చుని ట్రాక్‌బాల్ పట్టుకుని ఇటూ అటూ ఈడ్చాడు. లామినేషన్ పెట్టె కిందపడింది గాని బాణం మాత్రం కదల్లేదు. "నీ మౌస్ చెడిపోయింది," అని విసుక్కున్నాడు. సాయంత్రానికల్లా గోడల మీద పోస్టర్లు ఉండాలని పైవాళ్ళ హుకుం. ముఖం ఉండాలని ఎవరూ చెప్పలేదు. "సరే, ఇలాగే అచ్చు వెయ్యి," అన్నాడు.

ఆ వారమంతా రేవుల్లో సిపాయిలు మగవాళ్ళని వెనక్కి తిప్పి మెడలు చూశారు. పజుండౌంగ్ మంగళ్ళు, ట్వంటే మంగళ్ళు కూడా ఎవరు వచ్చినా మెడ దాకా నున్నగా గొరిగి పంపారు. అందరి మెడలూ ఒక్కలాగే ఉన్నాయి. వాటి మధ్యలో కృష్ణకుమార్ వేరే పేరు చెప్పి పడవెక్కి దాటిపోయాడు. బతికాడు.

ఏళ్ళు గడిచాయి. పోస్టర్లు వానకు చిరిగితే కొత్తవి అంటించారు. సన్యాసమ్మ ఇంట్లో గోడ నిండా కొడుకు ఫోటోలే, ఒక్కదాంట్లోనూ కొడుకు ముఖం లేదు.

ఒక వాన మధ్యాహ్నం ఢిల్లేశ్వరరావు కంప్యూటర్‌కి సరిహద్దు నుంచి వీడియో కాల్ వచ్చింది. సన్యాసమ్మ తడిసిన చీరతోనే పరుగెత్తుకొచ్చింది. తెర మీద రేకుల కప్పు, దాని కింద, ఫోటోల్లోలాగే, ఒక మెడ, జుట్టు.

"అమ్మా, కనబడతన్నానా?"

ఢిల్లేశ్వరరావు చెయ్యి దానంతట అదే బంతి మీదికి పోయింది. ఒక్కసారి, ఒక్క క్షణం తిప్పితే తల్లి కళ్ళు చల్లబడతాయి. కొట్టు ఎదురుగా గోడ మీద కొత్త పోస్టరు, దాని పక్కనే గొడుగు కింద సిపాయి. సన్యాసమ్మ ఆయన చేతి మీద తన చెయ్యి వేసి గట్టిగా అదిమింది. తల అడ్డంగా ఊపింది.

"కనబడతన్నావు నాయినా," అంది తెర వైపు వంగి. "సిక్కిపోనావు. కూడు తింతన్నావా లేదా?"

"తింతన్నానమ్మా."

"నీ నవ్వు మాత్రం మారనేదు. సిన్నప్పుడెలా నవ్వీవోడివో అలాగే నవ్వుతన్నావు."

తెర మీది మెడ ముందుకు వంగింది, మోచెయ్యి ఒకటి కళ్ళ వైపు లేచింది. రేకుల మీద వాన చప్పుడే వినిపించింది.

"అవునమ్మా," అన్నాడు చివరికి. "నవ్వుతన్నాను."