తుపాకికి లేని సిగ్గు

పెళ్లిచూపులకు పోయిన హవల్దార్ భీమన్న ఇంత తొందరగా తిరిగొస్తాడని వాళ్లమ్మ లసుమవ్వ అనుకోలేదు. అప్పటికామె కల్లంలో ఉడకబెట్టిన పసుపు కొమ్ములు ఆరబోస్తోంది. కొడుకు వెనకాలే ఆమె తమ్ముడు హన్మయ్య. సైన్యంలో సుబేదారుగా రిటైరై, ఫౌజు ఉద్యోగాలకు పోయే పిల్లలకు ఆర్మూర్‌లో పరుగు నేర్పుతాడు. ఎప్పుడూ కవాతు నడకే. ఇవాళ మాత్రం చెప్పులో ముల్లు దిగినట్టు నడుస్తున్నాడు.

"పిల్ల నచ్చలేదారా?" అంది లసుమవ్వ.

"వాణ్నే అడుగక్కా. నా నోటితోని నేను చెప్ప" అన్నాడు హన్మయ్య.

భీమన్న కల్లం అంచున గొంతుక్కూర్చున్నాడు. పిల్ల రోజారాణితో డాబా మీద మాట్లాడుకోమన్నారట. మంచి పిల్ల. మోసం చేయబుద్ధి కాలేదట.

"నాకు ఆడోళ్ల మీదికి మనసు పోదవ్వా. మొగోళ్ల మీదికే పోతది. చిన్నప్పటిసంది గంతే. గదే చెప్పిన."

"పిల్ల ఏమన్నది?"

"'బతికిపోయినన్నా, సల్లగుండు' అన్నది. ఇగ కిందికొచ్చి అందరికి నేనే చెప్పిన."

"నా నోట్ల లడ్డు ఉండంగనే చెప్పిండక్కా!" అన్నాడు హన్మయ్య. "మింగాల్నో, ఊంచాల్నో తెల్వలే."

లసుమవ్వకు అర్థం కాకపోలేదు. ఇలాంటి మాటలు వినే ఉంది, కాకపోతే అన్నీ పక్కింటివి. బ్యాండు మేళం వాళ్లకు మాట కూడా ఇచ్చేసింది. ఇప్పుడు వాళ్లకేం చెప్పాలన్నదే ముందుగా తోచింది.

"గిది ఫౌజుల తెలిస్తే ఉంచరు" అన్నాడు హన్మయ్య. "పటాలం కట్టుబాటు చెడ్తదంటరు. మూసుకొని ఉంటే అయిపోతుండె. వీడు పోయి కర్నల్ సాబ్‌కే చెప్తడట!"

"నీ సర్వీసుల గిట్లాంటోడు ఒక్కడన్న లేడా?"

హన్మయ్య మీసం సవరించుకున్నాడు. "ఉండె ఒకడు. అందరికి ఎర్కే."

"మంచులకెళ్లి నిన్ను భుజం మీద మోసుకొచ్చిండా ఏంది?"

"వాడా! వాని సంచి వాడే మోయకపోతుండె. పహరాల నిలబడి నిద్రపోతుండె."

"మరి ఎల్లగొట్టిండ్రా?"

"లే. పింఛను తింటున్నడు."

"నిద్రపోయినోనికి పింఛనిచ్చి, నా కొడుకును ఎల్లగొడ్తరా?"

"వాడు నోరు తెరిచి చెప్పలే గదక్కా!"

"అంటే ఉండుడు తప్పు గాదు, చెప్పుడే తప్పన్నట్టు."

హన్మయ్య కోపంగా బండెక్కి వెళ్లిపోయాడు. అప్పుడు లసుమవ్వ కొడుకు పక్కన కూలబడి, గొంతు తగ్గించి అడిగింది.

"మామ అన్నదాంట్ల సుత తప్పేముందిరా? ఇన్నేండ్లు చెప్పలే. ఇప్పుడెందుకు?"

"ఇన్నేండ్లు ఊకుంటే అయిందా అవ్వా? బ్యారక్‌ల కూసుంటే పెండ్లాల ముచ్చట్లే. నేను లేని పిల్లను ఒకదాన్ని పుట్టించిన. జ్యోత్స్న అని పేరు సుత పెట్టిన. దోస్తులంతా వదిన వదిన అనుకుంట ఆమెకు చీర కొనిచ్చిండ్రు."

"ఆ చీరేదిరా?"

"దసరాకు నువ్వు కట్టినవు గదా, గదే."

లసుమవ్వ పసుపు చేతుల్తోనే నోరు మూసుకుని నవ్వింది. నవ్వుతూనే కళ్లు తుడుచుకుంది. మొహమంతా పసుపు.

"పాణానికి పాణమిచ్చే దోస్తులవ్వా" అన్నాడు భీమన్న. "వాళ్లకే అబద్ధం చెప్పుకుంట ఎన్నేండ్లు బతకాలె?"

"చెప్పుకో పో. బువ్వ తిన్నంక పో."

సెలవు అయిపోయి భీమన్న వెళ్లాడు. చెప్పాడు. కర్నల్ విననట్టే ఉండి, మీ దిక్కు పసుపు ధరెట్లుందని అడిగాడట. భీమన్న మళ్లీ చెప్పాడు. ఈసారి వినక తప్పలేదు. దోస్తులు మొదట చీర సంగతికి అలిగారు, తర్వాత అన్నానికి పిలిచారు. పై నుంచి జవాబొచ్చేదాకా మాత్రం అతని తుపాకి తీసేసుకుని స్టోర్‌లో కూర్చోబెట్టారు, సాక్సులు పంచడానికి.

"ఎందుకట?" ఫోన్లో అరిచింది లసుమవ్వ. "నీ ముచ్చట ఇని తుపాకి సిగ్గుపడ్డదా?"

ఆ సంగతి హన్మయ్యకు చేరింది. మర్నాడు పొద్దున్నే ఇస్త్రీ కోటు మీద పతకాలన్నీ తగిలించుకుని అక్క గుమ్మంలో నిలబడ్డాడు.

"మావోడు సాక్సులు పంచుడేందక్కా? నడువు, రైలు టికెట్లు తీసిన."

కర్నల్ మర్యాదగానే కూర్చోబెట్టి చాయ్ ఇప్పించాడు. తన చేతిలో ఏమీ లేదన్నాడు. ఆ మాట నిజమేనని హన్మయ్యకూ తెలుసు. అయినా లేచి నిలబడ్డాడు.

"సాబ్, మా పిలగాని పనిల తప్పుంటే చెప్పుండ్రి, నేనే తీస్కపోత. లేకుంటే వాని తుపాకి వానికియ్యుండ్రి."

కర్నల్ కిటికీలోంచి బయటికి చూశాడు. పైకి ఇంకోసారి రాస్తానన్నాడు. అంతే.

బయటికొస్తే వరండాలో భీమన్న, గడ్డం దాకా సాక్సుల డబ్బాలు మోసుకుంటూ ఎదురుపడ్డాడు. హన్మయ్య ఆగాడు. సుబేదారు హవల్దారుకు ముందుగా సెల్యూట్ కొట్టే రివాజు ఏ పటాలంలోనూ లేదు. మడమలు టక్కున కలిపి, మేనల్లుడికి సెల్యూట్ కొట్టాడు.

భీమన్నకు చేతులు ఖాళీ లేవు. బిక్కమొహం వేసుకుని నిలబడ్డాడు.

"చూస్తవేందిరా, పెద్దోడు చెయ్యెత్తి నిలబడ్డడు" అంటూ లసుమవ్వ డబ్బాలన్నీ తన చేతుల్లోకి లాక్కుంది.